జబ్బు తగ్గిన దొండ తీగ

మూడు రోజుల ప్రయాణానికి వ్యాసం ఎందుకని మా ఇంట్లో అడిగారు. నిజమే, నేను వెళ్లింది కాశీ కాదు, రామేశ్వరం కాదు. ఫోటోల్లో చూపించడానికి ఒక కోట బురుజు కూడా లేదు. హైదరాబాదు పక్కన మీర్‌పేట్‌లో బయల్దేరి, ఇబ్రహీంపట్నం అవతల ఒక పల్లె దాకా వెళ్లి, దొండ పందిరి కింద కూర్చుని, తిరిగి మా విజయనగరం వచ్చేశాను. అయితే ముప్పయ్యేళ్లు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన నేను అంతకాలమూ పిల్లలకు ఒక తప్పు చెప్పానని తెలుసుకున్నది ఆ పందిరి కిందే. అక్కడే నోరు జారి ఇద్దరు అక్కచెల్లెళ్ల మధ్య చిచ్చు కూడా పెట్టాను. చేసింది చెప్పుకుంటే మనసు తేలికపడుతుందని రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం రాయను. రాయొద్దని ఆ ఇంటావిడ అడిగింది.

మీర్‌పేట్

నన్ను పిలిచింది వనజ. పాతికేళ్ల కిందట మా కాలేజీలో నా దగ్గర చదువుకుంది. ఇప్పుడు నగరంలో మొక్కల వైరస్‌ల మీద పరిశోధన చేస్తోంది, మీర్‌పేట్‌లో కాపురం. ఇంటరు రెండో ఏడులో ఒకసారి లేచి నిలబడి, "మొక్కకి జబ్బు చేస్తే దానంతటదే తగ్గదా మేడం?" అని అడిగింది. మొక్కలకు రక్తం లేదు, మనలాగా రోగంతో పోట్లాడే శక్తి లేదు, జబ్బు చేస్తే పీకి పారెయ్యడమే, కూర్చో అన్నాను. పిల్ల కూర్చుంది గాని ప్రశ్నను కూర్చోబెట్టినట్టు లేదు. మొన్న మే నెలలో ఫోన్ చేసి, ఆ ప్రశ్నకు జవాబు ఇబ్రహీంపట్నం దగ్గర ఒక పందిరి మీద ఉంది, వచ్చి చూడండి అంది.

మీర్‌పేట్ ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నిలబడ్డాయి. మా ఊళ్లో ఎదురింటి వాళ్ల పప్పు తాలింపు వాసన వస్తుంది. ఇక్కడ ఎదురింటి వాళ్ల టీవీలో ఎవరు ఏడుస్తున్నారో కూడా తెలుస్తుంది. వనజ వాళ్ల వీధిలో ప్రతి గేటు మీదా ఒకే మనిషి ఫోటో అంటించి ఉంది. ఎన్నికలేమో అనుకున్నాను. కాదట, స్కూటర్లు ఎత్తుకుపోయే దొంగట. ఎవరింటి కెమెరాలోనో పడితే ఆ బొమ్మ నకళ్లు తీయించి కాలనీ అంతా అంటించారు.

రాత్రి భోజనాల దగ్గర వనజ తన పని గురించి చెప్పింది. వైరస్‌కు సొంత ఇల్లూ వాకిలీ ఉండదు. మొక్క కణంలో దూరి ఆ కణం చేతే చాకిరీ చేయించుకుంటుంది. ఆ చాకిరీకి ఆర్‌ఎన్‌ఏ అనే చీటీలు కావాలి, ఏం చెయ్యాలో అందులో రాసి ఉంటుంది. ఆ చీటీల్లో జంటగా అతుక్కుని తిరిగేవాటిని మొక్క పసిగడుతుంది. ఒక కత్తెర ప్రొటీన్‌తో వాటిని సన్నని ముక్కలుగా కోస్తుంది. అంతటితో ఊరుకోకుండా ఒక్కో ముక్కను ఇంకో ప్రొటీన్ చేతిలో పెడుతుంది. అది ఆ ముక్క పట్టుకుని తిరుగుతూ, దానికి సరిపోలే చీటీ ఎక్కడ దొరికితే అక్కడ తెగ్గోస్తుంది. ఆ ముక్కలు వైరస్ కంటే ముందు చిగురుకు చేరాయంటే కొత్త ఆకు శుభ్రంగా వస్తుంది. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు ఆర్‌ఎన్‌ఏ సైలెన్సింగ్, అంటే చీటీ నోరు నొక్కడం.

"మీ గేటు మీద ఫోటోలాగా అన్నమాట," అన్నాను. పదికి తొమ్మిది మార్కులు వేస్తానంది. మిగతా ఒక్కటీ ఎందుకు పోయిందని అడిగితే, దొంగ కూడా చేతులు ముడుచుకు కూర్చోడు కదా మేడం, ఫోటోలు చించేవాణ్ని వెంట తెచ్చుకుంటాడు అంది. మొక్కలకొచ్చే వైరస్‌లలో చాలా వాటి దగ్గర అలాంటి ప్రొటీన్ ఒకటి ఉంటుందట. కొన్ని ఆ ముక్కలను పట్టుకుని దాచేస్తాయి, కొన్ని ముక్క పట్టుకు తిరిగేవాడి చేతులే కట్టేస్తాయి. ఎవరి చెయ్యి పైనైతే వాళ్లది ఆ ఆకు. నేను మజ్జిగ పోసుకున్నాను. ముప్పయ్యేళ్లలో ఎంతమందిని కూర్చోమన్నానో లెక్క తేలలేదు.

మన్నెగూడలో ఎక్కిన బస్సు

మర్నాడు పొద్దున్నే వనజ తన ల్యాబుకి వెళ్లి ఐసు పెట్టె తెస్తానంది, నన్ను నేరుగా ఇబ్రహీంపట్నం బస్టాండుకు వచ్చేయమంది. షేర్ ఆటోలో మన్నెగూడ కూడలి దాకా వచ్చాను. చుట్టూ ప్లాట్ల బోర్డులు, టైర్ల షాపులు, ఇడ్లీ బండ్లు. ఒక తెల్ల బస్సు వచ్చి నా ముందే ఆగింది, తలుపు దానంతటదే తెరుచుకుంది. ఎక్కాను. లోపల చల్లగా ఉంది. అందరూ కుర్రవాళ్లు, మెళ్లో తాళ్లు, చెవుల్లో పుల్లలు, ఎవరూ తోసుకోవడం లేదు. టికెట్ ఎవరూ అడగలేదు. తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ఉచితమని విన్నాను గాని ఇంత మర్యాద ఉంటుందని వినలేదు.

పక్కనున్న అమ్మాయి కాసేపు నన్ను చూసి, ఏ టీమ్ ఆంటీ అని అడిగింది. ఇబ్రహీంపట్నం అన్నాను. ఆ పిల్ల చెవుల్లోవి తీసేసి డ్రైవరు దగ్గరికి వెళ్లింది. అది ఆదిభట్లలో ఏదో కంపెనీ తన ఉద్యోగుల కోసం నడిపే బస్సట. డ్రైవరు కోప్పడలేదు. "గిట్ల ఇద్దరు ముగ్గురు ఎక్కుతనే ఉంటరమ్మా. ఫికర్ జెయ్యకు," అని మలుపు దగ్గర దించి, అక్కడున్న ఆటో అతనికి నన్ను అప్పగించి, జర పైలంగ తీస్కపో అని చెప్పాడు. ఆటో అతను దారంతా నన్ను నువ్వు నువ్వు అనే పిలిచాడు. మా వైపు మీరు అనకపోతే ముఖం ముడుచుకునే మనిషిని నేను. ఇక్కడ ఆ నువ్వులో చిన్నచూపు లేదని మర్నాటికి గాని తెలియలేదు.

చేపల పెట్టె

ఇబ్రహీంపట్నంలో దిగేసరికి ఊరంతా చేపల వాసన. ఆ రోజు మిరుగం, అంటే మృగశిర కార్తె మొదటి రోజు. తెలంగాణలో ఆ రోజు చేప తినాలి. తింటే వానాకాలం రోగాలు అంటవని నమ్మకం. తినని వాళ్లు ఇంగువ బెల్లం ఉండ వేసుకుంటారు. మా వైపు మృగశిర వస్తే విత్తనాల మాట తప్ప తిండి మాట లేదు. రోడ్డు పక్కన టార్పాలిన్లు పరిచి రవ్వులు, బొచ్చెలు పోశారు. కొర్రమీను మాత్రం నీళ్ల తొట్లో బతికే ఉంది, దాని ధర అడిగితే అమ్మే ఆవిడ నా చీర చూసి, నీతోని కాదు తియ్యి అంది.

ఇంతలో వనజ స్కూటరు మీద వచ్చింది, వెనక తెల్లటి థర్మకోల్ పెట్టె. ఆ రోజు, ఆ పెట్టె, ఆ ఊరు. బస్టాండు నుంచి బయటపడే లోపల నలుగురు ఆపి ఏం చేపలున్నాయని అడిగారు. ఆకులు కోసుకురావడానికి వెళ్తున్నామని చెబితే ఒక ముసలాయన మూత తీసి చూపించమన్నాడు. ఉత్త ఐసు చూసి, మిరుగం నాడు ఐసు అమ్ముకునేటోళ్లను గిప్పుడే చూస్తున్న అని వెళ్లిపోయాడు. పదిహేను రూపాయల టీ ఒకటి తాగి మేమూ బయల్దేరాం.

పందిరి కింద

యాదమ్మకు యాభై దాటి ఉంటాయి. పావెకరంలో రాతి కడీలు పాతి, ఇనప తీగలు లాగి, దొండ పందిరి వేసింది. భర్త మల్లేశం చెరువులో చేపలు పడతాడు. పందిరి మాత్రం ఆవిడదే. వారానికి రెండు సంతలు, ఇంటి ఖర్చు దాని మీదే.

దొండకు విత్తనం వెయ్యరు. వేలు లావు తీగను మూరెడు ముక్కలుగా కోసి నాటుతారు. ఆ తీగ అడిగిన వాళ్లకు లేదనకూడదని ఆ ఊళ్లో పట్టింపు. అడగడానికి వచ్చేవాళ్లు ఒట్టి చేతులతో రారు, ఒక కొబ్బరికాయ తెస్తారు. దాన్ని పందిరి మొదటి కడీ దగ్గర కొట్టాక ఇంటావిడ తన చేత్తోనే తీగ కోసి ఇస్తుంది. మా అమ్మకైతే అడిగి తెచ్చుకున్న మొక్క బతకదు, ఎవరూ చూడకుండా తుంచుకొస్తేనే బతుకుతుందని గట్టి నమ్మకం. పేరంటాలకు వెళ్లి గులాబీ కొమ్మలు కొంగులో దాచుకొచ్చేది. అది చెబితే యాదమ్మ పకపకా నవ్వింది.

యాదమ్మ తీగ వాళ్ల అమ్మది. అమ్మ పెరట్లో పాకిన దాన్నే తెచ్చి ఇంత చేసింది. కిందటి ఏడు పందిరంతా జబ్బు పడింది. ఆకులు పసుపు తిరిగి దోసిలిలా ముడుచుకుపోయాయి, సగం పాదులు చచ్చాయి. వనజ మొదటిసారి చూసింది అప్పుడే.

"తీసేద్దమనే అనుకున్న," అని యాదమ్మ నాకు చెప్పింది. "మందు గూడ కొట్టలే. ముడుసుకున్న ఆకు రాలినంక కొత్త చిగురు సక్కగొచ్చింది. గంత రోగాన్ని తట్టుకున్నదంటె గట్టి తీగ గాదా పంతులమ్మా?"

ఆ తేరుకున్న పాదుల నుంచే ముక్కలు కోసి ఖాళీలన్నీ నింపింది. ఎవరు అడిగినా ఇవ్వడానికి వాటికే ఎర్ర గుడ్డపీలికలు కట్టి ఉంచింది. నేను రైతునైనా అదే చేసేదాన్ని. జబ్బు చేసి బతికి బట్టకట్టిన దాన్ని కాదని, అసలు జబ్బే చూడని దాన్ని ఎవరు ఏరుకుంటారు?

వనజ పందిరి కింద వంగి వంగి తిరిగి చిగుళ్లు కోసి పెట్టెలో వేసింది. దక్షిణపు అంచుకు వచ్చాక ఆగిపోయింది. అక్కడ యాదమ్మ కొత్తగా బీర వరస వేసింది. బీర ఆకుల మీద లేత, ముదురు ఆకుపచ్చ మచ్చలు, అడుగున పేనుబంక. ఆ బీరకు ఆనుకున్న దొండ పాదులు మూడింటికి చిగురు మళ్లీ ముడుచుకుంటోంది. ఎండ దెబ్బేమో అంది యాదమ్మ. వనజ వాటి చిగుళ్లు, బీర ఆకులు కూడా కోసి పెట్టెలో వేసింది.

వనజ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. తీగ తేరుకుందంటే లోపల వైరస్ చచ్చిందని కాదు. మొక్క దాని నోరు నొక్కి పెట్టింది, అది చాలా తక్కువగా, ఎక్కడో మూల నక్కి ఉంది. బీర మీదున్నది వేరే వైరస్‌లాగుంది, పేనుబంక మోసుకొచ్చే రకం. ఆ రకంలో ఫోటోలు చించే ప్రొటీన్ మహా గట్టిది. అది దొండలోకి వెళితే మొక్క పోగుచేసుకున్న ముక్కలు పనికిరాకుండా పోతాయి. అది చించేది తన ఫోటోలొక్కటే కాదు, అన్నీ. అప్పుడు మూల నక్కిన పాతది మళ్లీ లేస్తుంది, ఈసారి ఇద్దరు కలిసి. అనుమానమే, ల్యాబులో చూడాలి, రెండు రోజులు పడుతుంది అంది.

యాదమ్మకు కూడా మెల్లగా చెప్పింది. ఫలితం తెలిసేదాకా ఎవరికీ తీగ ఇవ్వొద్దంది. యాదమ్మ ముఖంలో నవ్వు పోయింది. రేపే చెల్లెలు అనసూయ తీగకు వస్తోందట.

మిరుగం భోజనం

వనజ పెట్టె తీసుకుని సాయంత్రమే వెళ్లిపోయింది. నేను ఉంటానన్నాను. మల్లేశం పట్టిన చేపతో పులుసు, జొన్నరొట్టె, దొండకాయలో పల్లీల పొడి. మా వైపు పులుసులో బెల్లం ముక్క పడకపోతే వెలితిగా ఉంటుంది. వీళ్లది కారం, పులుపు, అంతే, మాటలాగే సూటిగా ఉంది. రొట్టె తుంచడం చేతకాక నేను కత్తిపీట అడుగుతానేమోనని మల్లేశం భయపడ్డాడు. చివరికి తనే తుంచి నా పళ్లెంలో వేశాడు.

యాదమ్మ సరిగా తినలేదు. ఆమె చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు మల్లేశం సంగతి చెప్పాడు. అక్కచెల్లెళ్లు ఆరేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. తల్లి ఇక్కడే పోయింది. పోయేముందు రెండు రోజులు నోట మాట లేదు. ఇవాళ లేస్తుంది రేపు లేస్తుందని యాదమ్మ చెల్లెలికి కబురు పంపలేదు. అనసూయ వచ్చేసరికి తల్లి లేదు. కావాలనే పిలవలేదని ఆమె మనసులో పడిపోయింది. ఆదిభట్లలో ఒక కంపెనీలో ఊడ్చే పని చేసేది. ఈ మధ్య అది మానేసి తన అర్ధెకరంలో కడీలు పాతి, గుంతలు తీసి, పోయిన వారం తనంతట తనే వచ్చి, అమ్మ తీగ ఇస్తవా అక్కా అని అడిగింది. ఆరేళ్లలో అదే మొదటి మాట. మొదటి వాన పడింది, ఇప్పుడు నాటకపోతే ఆమెకు ఈ ఏడు పోయినట్టే. యాదమ్మ ఇస్తానని మాట ఇచ్చింది.

ఇదంతా విని కూడా నేను మర్నాడు ఆ పని చేశాను.

అనసూయ

పొద్దున ఎనిమిదింటికి అనసూయ వచ్చింది. సన్నగా, అక్క పోలికే, తడిపిన గోనెసంచి భుజాన, చేతిలో కొబ్బరికాయ. యాదమ్మ మంచినీళ్లు ఇచ్చింది, కూర్చోబెట్టింది. ఇవాళ మంగళవారం కదా, కత్తి పెట్టొద్దు, ఎల్లుండి కోద్దామంది. మంచి ఉపాయమే. ఫలితం వచ్చేదాకా రెండు రోజులు గడుస్తాయి, ఎవరి మనసూ నొవ్వదు. అనసూయ కూడా, అవ్ నిజమే, మర్శిపోయిన అని ఒప్పుకుంది. అక్కడితో నేను నోరు మూసుకుంటే సరిపోయేది.

ముప్పయ్యేళ్ల అలవాటు. ఎవరైనా తప్పు కారణం చెబుతుంటే నాకు నాలుక దురద. వారం సంగతి కాదమ్మా, ఈ తీగలో జబ్బు దాగి ఉంది, నువ్వు నాటితే నీ పొలమంతా పాకుతుంది, ఇవ్వకూడదు అని మొదలుపెట్టి కత్తెర ప్రొటీన్ దాకా చెప్పేశాను. యాదమ్మ నాకేసి చూసింది. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది.

అనసూయ పందిరి వైపు చూసింది. తీగ నిండా పచ్చటి ఆకు, వేలాడే కాయలు, ఎర్ర పీలికలు. ఆమె కళ్లకు జబ్బు ఎక్కడ కనబడుతుంది? నేను వేలు పెట్టి చూపించగలిగింది అంచున మూడు పాదులు.

"ఇయ్యబుద్ధి గాకుంటె ఇయ్యనని నువ్వే జెప్పు అక్కా," అంది. గొంతు పెంచలేదు. "గీ మాట జెప్పనీకి బయటి నుంచి మనిషిని పిలిపియ్యాల్నా?"

కొబ్బరికాయ కడీ పక్కన పెట్టి, గోనెసంచి మడిచి చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. యాదమ్మ గట్టు దాకా వెంటపడింది గాని పిలవలేదు.

ఆ రోజంతా యాదమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నేను చెప్పింది నిజమే, కానీ ఆ నిజం చెప్పాల్సిన నోరు నాది కాదు. క్షమించమని రెండుసార్లు అడిగాను. రెండోసారి, "నువ్వు సదువుకున్నదే జెప్పినవ్. ఆమె ఆరేండ్ల సంది అనుకున్నదే అనుకున్నది," అంది. మల్లేశం నన్ను చెరువు గట్టుకు తీసుకెళ్లి వల ఎలా విసరాలో చూపించాడు. నా వల ఒకసారి నా మీదే పడింది. నవ్వడానికి మనసు రాలేదు.

మూడో రోజు

వనజ పొద్దున్నే వచ్చింది. స్కూటరు దిగుతుండగానే తెలిసింది. కోసుకెళ్లిన ప్రతి దొండ చిగురులోనూ పాత వైరస్ ఉంది, కొంచెం కొంచెంగా. బీరలో ఆమె అనుమానించిందే ఉంది. అంచున ముడుచుకున్న మూడు పాదుల్లో రెండూ ఉన్నాయి, పాతది ఎన్నో రెట్లు పెరిగి.

యాదమ్మ అరుగు మీద కూర్చుని అంతా విన్నది. ఒకే ఒక ప్రశ్న అడిగింది. ఇప్పుడు పచ్చగున్న పాదులు ఇలాగే ఉంటాయా? చెప్పలేమంది వనజ. పేనుబంక రాకపోతే ఒక ఏడు ఉండొచ్చు. వస్తే ఈ వానాకాలంలోనే పోవచ్చు. ఈలోగా పాత వైరస్‌ను తెల్లదోమ ఇందులోంచి చుట్టుపక్కల తోటలకు మోసుకుపోతూ ఉంటుంది.

యాదమ్మ మల్లేశాన్ని పిలిచి, చెల్లె దగ్గరికి పొమ్మంది. "కొబ్బరికాయ మర్శిపోయింది, వచ్చి తీస్కపొమ్మని జెప్పు. ఇంకేం జెప్పకు."

అతను సైకిలెక్కగానే గడ్డపార తీసుకుని పందిట్లోకి వెళ్లింది. ముందు బీర వరస పీకుతుందనుకున్నాను, పీకింది. తరువాత అంచున మూడు దొండ పాదులు. ఆ తరువాత ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. పచ్చగా, కాపు మీదున్న పాదు మొదట్లో గడ్డపార దించింది. వారానికి రెండు సంతల కాపు అది. వనజ, నేను ఇద్దరం, ఇవాళే అన్నీ తీసెయ్యక్కర్లేదు, సగం ఈ కాపు అయ్యాక చూద్దామని అన్నాం. యాదమ్మ వినిపించుకోలేదు. మొదలు కదిలించి, రెండు చేతుల్తో పట్టి లాగింది. పందిరి మీద తీగ సరసరా జారి కిందపడింది.

అనసూయ వచ్చేసరికి ఒక వరస మొత్తం నేల మీద ఉంది. ఆమె గట్టు మీదే నిలబడిపోయింది. నేనే ఎదురెళ్లాను. నన్నెవరూ పిలిపించలేదు, ఈ వనజ వెంట చూసిపోదామని వచ్చాను, నిన్న నా నోరు నేను పట్టుకోలేకపోయాను, తప్పు నాది అని చెప్పాను. ఆమె నన్ను చూడనైనా లేదు. అక్కనే చూస్తోంది.

"ఏం జేస్తున్నవే అక్కా? అమ్మ తీగ గది."

"అవ్, అమ్మదే," అంది యాదమ్మ, గడ్డపార ఆపకుండానే. "నీకియ్యలేనిది నా పందిరి మీద ఉంటె నేను నీకేం ముఖం సూపియ్యాలె?"

అనసూయ గట్టు దిగి వచ్చింది. పడి ఉన్న తీగను చేత్తో తడిమి చూసింది. ఆకు పచ్చగానే ఉంది, కాయ లేతగానే ఉంది. ఇది నిజంగానే పాడైందా అని ఈసారి వనజను అడిగింది. వనజ ముడుచుకున్న చిగురు, మంచి చిగురు రెండూ ఆమె చేతిలో పెట్టి, నాలాగా కాకుండా తక్కువ మాటల్లో చెప్పింది. ఈ మంచి చిగురున్న తీగ రోగంతో కొట్లాడి గెలిచింది, కానీ రోగం ఇంకా దాని ఒంట్లోనే ఉంది, పక్క పంట నుంచి ఇంకో రోగం వచ్చి సాయం పట్టగానే లేచి కూర్చుంటుంది. అనసూయ ఆ రెండు చిగుళ్లనూ చాలాసేపు చూసింది. ఏడ్చింది. ఆ ఏడుపు తీగ కోసమొక్కటే కాదని అక్కడున్న అందరికీ తెలుసు.

అప్పుడు వనజ ఇంకో మాట చెప్పింది. తీగ కొసలో ఆవగింజంత మేర వైరస్ సాధారణంగా చేరలేదు, మొక్క దాన్ని అంత గట్టిగా కాపాడుకుంటుంది. ఆ మేరను మాత్రం కోసి ల్యాబులో సీసాలో పెంచితే ఒక్కోసారి శుభ్రమైన మొక్క వస్తుంది. అన్నీ బతకవు, ఒక్కటీ బతక్కపోవచ్చు. బతికితే ఆరేడు నెలలకు ఒక పిలక ఇవ్వగలనంది. ఈలోగా అనసూయ గుంతల్లో నాటడానికి యాచారం వైపు ఒక రైతు దగ్గర తీగ పరీక్ష చేయించి ఇప్పిస్తానంది.

పది కొసలు కోసి తడిగుడ్డలో చుట్టింది. చిన్న కాగితం ముక్కలు తీసి, పెన్ను తెరిచి, ఎవరి పేరు రాయమంటారు అని అడిగింది.

"చెల్లె పేరు రాయి," అంది యాదమ్మ. "మొలిస్తె ఆమె చేతికే ఇయ్యి. కొబ్బరికాయ పట్టుకొని నేనే పోయి అడుక్కుంట."

అనసూయ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అడుగు," అంది. "ఇస్తనో ఇయ్యనో గప్పుడు సూద్దం."

చీర చెంగు బిగించి, రెండో వరసలో మొదటి పాదు పట్టుకుంది. ఒక్కదాని చేత కదల్లేదు. యాదమ్మ గడ్డపార కింద పెట్టి వచ్చి, పక్కన వంగి, ఆమె చేతుల కిందుగా పట్టుకుంది.